గాటు లేని అల్యూమినా పలకలో పగులు ఎక్కడ పుట్టాలి? ఫేజ్ ఫీల్డ్ మోడల్‌లో అంతర్గత పొడవుపై ఒక సందేహం

సూక్ష్మరేఖ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పెళుసు పదార్థాలలో పగుళ్లు ఏర్పడే తీరును ఫేజ్ ఫీల్డ్ పద్ధతిలో లెక్కగట్టే పనిలో ఉన్నాను. ఈ పద్ధతితో పరిచయం లేనివారి కోసం ముందుగా రెండు మాటలు చెబుతాను. ఇందులో పగులును పదునైన గీతగా కాకుండా, సున్నా నుంచి ఒకటి వరకు మారే డ్యామేజ్ అనే చలరాశిగా చూస్తాం. సున్నా అంటే చెక్కుచెదరని పదార్థం, ఒకటి అంటే పూర్తిగా విడిపోయిన చోటు. ఈ రెండింటి నడుమ మార్పు ఎంత వెడల్పు పట్టీలో జరగాలో అంతర్గత పొడవు అనే సంఖ్య నిర్ణయిస్తుంది. వస్తువులో నిలవ ఉన్న స్థితిస్థాపక శక్తిని, పగులు ముఖాలు ఏర్పడటానికి ఖర్చయ్యే శక్తిని కలిపి ఆ మొత్తాన్ని అడుగడుగునా కనిష్ఠం చేస్తూ పోతే, పగులు ఎటు పోవాలో మనం చెప్పనక్కర లేకుండానే అది తన దారి ఎంచుకుంటుంది.

అంచున ముందే గాటు పెట్టిన చదరపు పలకను లాగే పరీక్ష అందరికీ తెలిసిందే. అందులో నా ప్రోగ్రాం బాగానే పనిచేసింది. పగులు గాటు కొన నుంచి తిన్నగా సాగింది, మెష్‌ను (లెక్క కోసం పలకను విడగొట్టే చిన్న గడుల వలను, ఒక్కో గడిని మూలకం అంటారు) సన్నం చేసినా భారానికీ సాగుదలకూ మధ్య వక్రరేఖ పెద్దగా మారలేదు. ఇబ్బంది ఆ తరువాతి సమస్యలో వచ్చింది. 50 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు ఉన్న పలుచని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) పలకను 320 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి 20 డిగ్రీల నీళ్లలో ముంచితే, అంచుల నుంచి లోపలికి వరుసగా పగుళ్లు దిగుతాయి. వాటిని లెక్కలో రాబట్టాలన్నది నా ప్రయత్నం. ఇక్కడ గాటు లేదు, పలక అంతా ఏకరీతిగా ఉంది, అంచు పొడవునా చల్లదనం ఒకేలా తగులుతోంది.

నేను తీసుకున్న విలువలు ఇవి: యంగ్ గుణకం (పదార్థం బిరుసుతనం) 370 గిగాపాస్కల్స్, పగులు శక్తి చదరపు మీటరుకు 40 జూల్స్, తన్యత బలం (లాగినప్పుడు తట్టుకునే ప్రతిబలం) 180 మెగాపాస్కల్స్, ఉష్ణ వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల్లో 7 వంతులు. డ్యామేజ్ మొదలయ్యే ముందు స్థితిస్థాపక హద్దు ఉండే, ఏటీ-1 అని పిలిచే ఫేజ్ ఫీల్డ్ రూపాన్ని వాడాను. అంతర్గత పొడవు మెష్ మూలకానికి రెండు రెట్లు ఉంటే చాలునన్న నియమాన్ని పాటించి, 0.25, 0.125, 0.0625 మి.మీ. మూలకాలతో మూడు సార్లు లెక్క నడిపాను. అంటే అంతర్గత పొడవు వరుసగా 0.5, 0.25, 0.125 మి.మీ. అయింది. ముంచిన క్షణంలోనే అంచు ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు దించేశాను.

మూడు లెక్కల్లోనూ పగుళ్ల సంఖ్య, వాటి మధ్య దూరం, మొదటి పగులు కనిపించే సమయం వేరువేరుగా వచ్చాయి. మెష్‌ను సన్నం చేసేకొద్దీ ఫలితం ఒక విలువ దగ్గర స్థిరపడాలి కదా, ఇక్కడ ఆ జాడే లేదు. నా సందేహం సూటిగా ఇది: అంతర్గత పొడవు పదార్థానికి చెందిన ధర్మమా, లేక లెక్క సౌకర్యం కోసం పెట్టుకున్న సంఖ్యా? పరిశోధన పత్రాలలో రెండు మాటలూ కనిపిస్తున్నాయి. గాటు లేని చోట పగులు పుట్టుకను ఈ మోడల్ నిజంగా చెప్పగలదా?


శక్తిరేఖ (జవాబు):

సూక్ష్మరేఖ గారికి, మీరు అంకెలన్నీ ఇచ్చి అడిగారు కాబట్టి జవాబునూ అంకెలతోనే మొదలుపెడతాను. ఏటీ-1 రూపంలో ఒక కడ్డీని ఒకే దిశలో లాగినప్పుడు డ్యామేజ్ ఏ ప్రతిబలం వద్ద మొదలవుతుందో కాగితం మీదే రాబట్టవచ్చు. పగులు శక్తిని యంగ్ గుణకంతో గుణించి మూడింతలు చేసి, దానిని అంతర్గత పొడవుకు ఎనిమిది రెట్లతో భాగించి, వర్గమూలం తీయాలి. మీ విలువలు పెడితే 0.5 మి.మీ.కు 105 మెగాపాస్కల్స్, 0.25 మి.మీ.కు 149, 0.125 మి.మీ.కు 211 వస్తాయి. కాబట్టి మీరు నడిపినవి ఒకే పలకకు మూడు మెష్‌లు అనుకున్నా, మోడల్ దృష్టిలో అవి మూడు వేర్వేరు బలాలున్న మూడు పలకలు. వాటి ఫలితాలు ఒకే చోటికి చేరాలని ఆశించడానికి ఆధారం లేదు. మీకు కావలసిన 180 మెగాపాస్కల్స్ రావాలంటే అంతర్గత పొడవు 0.17 మి.మీ. ఉండాలి. దానిని అక్కడే స్థిరంగా ఉంచి, మెష్‌ను మాత్రమే సన్నం చేస్తూ పోవాలి.

గాటు ఉన్న పరీక్షలో ఇది ఎందుకు బయటపడలేదో చూడటం ముఖ్యం. గాటు పొడవు అంతర్గత పొడవు కంటే చాలా పెద్దదైనప్పుడు పగులు సాగడాన్ని పగులు శక్తి ఒక్కటే శాసిస్తుంది, బలానికి అక్కడ పెద్దగా పాత్ర లేదు. అయితే ఆ పరీక్షలోనూ ఒక లోపం దాగి ఉంది. మూలకాలకు కొంత పరిమాణం ఉండటం వల్ల లెక్కలో ఖర్చయ్యే పగులు శక్తి మీరు ఇచ్చిన విలువ కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఏటీ-1లో ఆ పెరుగుదల, మూలకం పరిమాణాన్ని అంతర్గత పొడవుతో భాగించగా వచ్చిన దానిలో ఎనిమిదింట మూడు వంతులు. మీ నిష్పత్తి ఎప్పుడూ సగమే కాబట్టి ప్రతి లెక్కలోనూ పగులు శక్తి సుమారు 19 శాతం ఎక్కువగానే నడిచింది. లోపం మూడు మెష్‌లలోనూ ఒకే మోతాదులో ఉన్నందున వక్రరేఖలు ఒకదానిపై ఒకటి పడ్డాయి, దాన్ని చూసి లెక్క స్థిరపడిందని అనిపిస్తుంది. అంతర్గత పొడవులో కనీసం ఐదు మూలకాలు ఉండేలా చూస్తే ఈ పెరుగుదల 7.5 శాతానికి తగ్గుతుంది. మిగిలిన దానిని ముందే లెక్కించి, ఇచ్చే విలువను ఆ మేరకు తగ్గించుకోవచ్చు. అంటే మీకు కావలసింది 0.034 మి.మీ. మూలకం. పలక మొత్తానికి నాలుగు లక్షల ముప్పై వేల చతురస్ర మూలకాలు పడతాయి. ఇవాళ్టి ఒక మంచి వర్క్‌స్టేషన్‌కు అది మోయలేని బరువు కాదు.

ఇక పదార్థ ధర్మమా, లెక్క సౌకర్యమా అన్న ప్రశ్నకు వస్తాను. రెండు మాటలకూ మూలం ఈ పద్ధతి పుట్టిన తీరులోనే ఉంది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో విమాన పరిశోధన సంస్థలో పనిచేసిన గ్రిఫిత్ 1921లో అచ్చయిన తన వ్యాసంలో, గాజు అంత తక్కువ ప్రతిబలానికే ఎందుకు పగులుతుందో శక్తి లెక్కతో వివరించాడు. పగులు కొద్దిగా పెరిగితే విడుదలయ్యే స్థితిస్థాపక శక్తి, కొత్త ముఖాలకు ఖర్చయ్యే శక్తిని మించినప్పుడే పగులు సాగుతుంది. ఎంతో అందమైన సూత్రం ఇది. అయితే ఉన్న పగులు ఎప్పుడు పెరుగుతుందో చెప్పడం వరకే దాని శక్తి. పగులు పొడవును సున్నా వైపు తీసుకుపోతే కావలసిన ప్రతిబలం అనంతం అవుతుంది. ఏ దోషమూ లేని అంచున పగులు పుట్టాలంటే గ్రిఫిత్ సూత్రానికి దారి లేదు.

1998లో ఫ్రాంక్‌ఫోర్, మారిగో ఈ సూత్రాన్ని మొత్తం శక్తిని కనిష్ఠం చేసే సమస్యగా తిరగరాశారు. 2000లో బూర్దాన్ వారితో కలిసి దానికి కంప్యూటర్‌పై నడిచే రూపం ఇచ్చాడు. పదునైన పగులును పట్టీగా పరిచే ఆ ఉపాయం నిజానికి వేరే రంగం నుంచి వచ్చింది. చిత్రాలలో వస్తువుల అంచులను గుర్తించడానికి మమ్‌ఫర్డ్, షా ప్రతిపాదించిన సమస్యను సాధించేందుకు అంబ్రోసియో, టోర్టోరెల్లి అనే ఇటలీ గణితవేత్తలు 1990లో కట్టిన ఉజ్జాయింపు అది, ఏటీ అన్న అక్షరాలు వారి పేర్లవే. అంతర్గత పొడవు సున్నాకు చేరేకొద్దీ ఈ ఉజ్జాయింపు మమ్‌ఫర్డ్, షా శక్తికి చేరుతుందన్నది వారి సిద్ధాంతం, పగుళ్ల సమస్యలో ఆ స్థానం గ్రిఫిత్ శక్తిది. ఆ కోణం నుంచి చూసేవారికి అంతర్గత పొడవు ఎంత చిన్నదైతే అంత మంచిది, అది కేవలం లెక్క కోసం పెట్టుకున్న సంఖ్య. కానీ అలా చిన్నది చేస్తూ పోతే బలం పెరుగుతూ పోయి, చివరకు గాటు లేని పలక ఎంత ప్రతిబలానికైనా పగలదు. పుట్టుక మీకు ముఖ్యమైన సమస్యలో అంతర్గత పొడవును బలం నుంచి రాబట్టక తప్పదు. ఈ వాదనను రకరకాల గాట్లతో, రంధ్రాలతో జరిగిన ప్రయోగాల ఫలితాలతో సరిపోల్చి 2018లో టానె, బూర్దాన్, మారిగో, మౌరిని తదితరులు చూపించారు. నా అభిప్రాయంలో అంతర్గత పొడవును మెష్‌తో ముడిపెట్టే అలవాటు ఈ రంగంలో చాలా చెరుపు చేసింది.

ఒక చిన్న లెక్క ఈ సంఖ్యకు భౌతిక అర్థం కూడా ఇస్తుంది. మీ అల్యూమినా 180 మెగాపాస్కల్స్ వద్ద పగులుతుందంటే, గ్రిఫిత్ సూత్రం ప్రకారం అందులో అప్పటికే సగం పొడవు 0.15 మి.మీ. ఉన్న దోషం ఉన్నట్లు లెక్క. బలం నుంచి వచ్చిన అంతర్గత పొడవు 0.17 మి.మీ. రెండూ దాదాపు సమానం కావడం కాకతాళీయం కాదు. పదార్థంలో మనకు కనిపించని దోషాల పరిమాణాన్నే మోడల్ ఒక సగటు పొడవుగా మోస్తోంది.

పగుళ్ల మధ్య దూరం విషయంలో ఇంకొక మెలిక ఉంది. చల్లార్చే సమస్యను బూర్దాన్, మారిగో, మౌరిని, సిక్సిక్ 2014లో ఇదే పద్ధతితో విశ్లేషించారు. ఒక్కసారిగా చల్లార్చే ఉష్ణ షాక్ తీవ్రంగా ఉంటే మొదట అంచు పొడవునా డ్యామేజ్ ఒకే మందంలో పరుచుకుంటుంది. ఒక క్షణం తరువాత ఆ ఏకరీతి స్థితి నిలవలేక, క్రమమైన దూరంలో పగుళ్లుగా చీలుతుంది. ఆ తొలి దూరం అంతర్గత పొడవు మీద ఆధారపడి ఉంటుంది, ఉండాలి కూడా. కానీ పగుళ్లు లోపలికి దిగేకొద్దీ పక్క పగులు తన చుట్టూ ఉన్న ప్రతిబలాన్ని సడలించేస్తుంది కాబట్టి, ఒకటి ముందుకు సాగి దాని పొరుగుది ఆగిపోతుంది. మిగిలిన వాటిలో మళ్లీ అదే జరుగుతుంది. ఇలా లోతుకు చేరిన పగుళ్ల మధ్య దూరాన్ని శాసించేది పగులు శక్తే. కాబట్టి అంచు దగ్గర పగుళ్లను లెక్కపెట్టి మెష్‌లను పోల్చకండి, లోతులో మిగిలిన పగుళ్లను పోల్చండి.


బట్టీపక్క (జవాబు):

శక్తిరేఖ గారు మోడల్ సంగతి చక్కగా చెప్పారు. నేను సిరామిక్ పరిశ్రమలో పనిచేస్తున్నాను, లెక్కల కంటే పలకలతో నా పరిచయం ఎక్కువ. మీ ప్రశ్నలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది: ముంచిన క్షణంలోనే అంచు ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు దించేశానన్నారు. నీళ్లు అంత పని చేయవు.

మీ విలువలతోనే చూద్దాం. పూర్తిగా చల్లబడిన అంచును వేడిగా ఉన్న లోపలి భాగం కుంచించుకోనివ్వకపోతే, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 2.6 మెగాపాస్కల్స్ ప్రతిబలం పుడుతుంది. ఆ లెక్కన 70 డిగ్రీల తేడాకే 180 మెగాపాస్కల్స్ దాటి పలక పగలాలి. అల్యూమినాను నీళ్లలో ముంచి పరీక్షించిన ఎవరిని అడిగినా, 200 డిగ్రీల తేడా చుట్టుపక్కల వరకు దాని బలం చెక్కుచెదరదని, ఆ తరువాతే ఒక్కసారిగా పడిపోతుందని చెబుతారు. బలం అలా మెట్టు దిగినట్లు పడిపోవడానికి హాసెల్మన్ 1969లోనే శక్తి సిద్ధాంతంతో కారణం చెప్పాడు. 70కీ 200కీ మధ్య ఉన్న ఈ తేడాకు ముఖ్య కారణం ఉష్ణ బదిలీ. నీటికి, పలకకు మధ్య ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 10,000 వాట్లు అనుకోండి. దానిని పలక సగం వెడల్పు 5 మి.మీ.తో గుణించి, అల్యూమినా ఉష్ణ వాహకతతో (మీటరుకు, డిగ్రీకి 30 వాట్లు) భాగిస్తే బయోట్ సంఖ్య సుమారు 1.7 వస్తుంది. అంచు నుంచి నీటికి వేడి పోయే తీరును, పలక లోపల వేడి పారే తీరుతో పోల్చే సంఖ్య ఇది. ఆ స్థాయిలో అంచు చల్లబడేలోపే లోపలి భాగం కూడా కొంత చల్లబడుతుంది, కాబట్టి అంచున పుట్టే గరిష్ఠ ప్రతిబలం పూర్తి విలువలో మూడో వంతుకు లోపే ఉంటుంది. 70ను ఆ భిన్నంతో భాగించి చూడండి, ప్రయోగంలో కనిపించే అంకెకు దగ్గరికి వచ్చేస్తారు. మీ సమస్యలో తేడా 300 డిగ్రీలు కాబట్టి పగుళ్లు ఎలాగూ వస్తాయి, కానీ ఎన్ని వస్తాయి, ఎంత లోతుకు దిగుతాయి అన్నది ఈ గుణకం పైనే వేలాడుతుంది. వేడి పలక చుట్టూ నీరు మరిగి ఆవిరి పొర కడుతుంది, అది చెదిరిన చోట బదిలీ ఒక్కసారిగా పెరుగుతుంది. కనుక ఆ గుణకం మొదటి నుంచి చివరి వరకు ఒకే విలువ కూడా కాదు. అంతర్గత పొడవు మీద ఇంత శ్రద్ధ పెట్టి, అంచు షరతును ఒక్క వాక్యంతో దాటేస్తే లెక్కకు న్యాయం జరగదు.

కాలం అడుగుల విషయమూ ఇక్కడే చెప్పాలి. అల్యూమినాలో చల్లదనం 1 మిల్లీసెకనుకు సుమారు 0.1 మి.మీ., 1 సెకనుకు సుమారు 3 మి.మీ. లోపలికి చేరుతుంది. దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి, పగుళ్లు పుట్టే తొలి ఘట్టంలో అడుగులు చాలా చిన్నవిగా ఉండాలి, తరువాత పెంచుకుంటూ పోవచ్చు. అన్ని అడుగులూ సమానంగా పెడితే మీకు కావలసిన ఘట్టం మొదటి రెండు మూడు అడుగుల్లోనే కలిసిపోతుంది.

ప్రయోగంతో పోల్చదలిస్తే పలకను ఆరబెట్టి, దాని మీద పలుచని నీలి సిరా పోసి, కాసేపాగి తుడిచేయండి. తెల్లని అల్యూమినా మీద పగుళ్లు వెంట్రుకల్లాంటి నీలి గీతలుగా తేలతాయి. అంచు దగ్గర గీతలు ఒత్తుగా ఉంటాయి. వాటిలో చాలా భాగం మిల్లీమీటరు దాటకముందే ఆగిపోయి ఉంటాయి, వాటి నడుమ నుంచి కొన్ని మాత్రమే లోపలికి దూరంగా సాగి ఉంటాయి. వేసవిలో నల్లరేగడి చేను నెర్రెలిచ్చినప్పుడు పైన కనిపించే సన్న నెర్రెలన్నీ లోతుకు పోవు, కొన్ని మాత్రమే అడుగుల లోతుకు దిగుతాయి. ఇక్కడా కుంచించుకోవాలనుకునే పైపొరకూ, కదలనివ్వని లోపలి పొరకూ మధ్య అదే పెనుగులాట. ఒకే బట్టీలో ఒకే రోజు కాల్చిన రెండు పలకలను పక్కపక్కన పెట్టి చూసినా పొడవైన గీతల స్థానాలు కలవవు. అందువల్ల ఒక్కొక్క పగులు ఎక్కడ ఉందో పోల్చడం కంటే, ఒక నిర్ణీత లోతు దాటిన పగుళ్లు ఎన్ని, వాటి సగటు దూరం ఎంత అని పోల్చడమే అర్థవంతం.

ఈ చెదురును మోడల్‌లోకి తేవడానికి కొందరు ప్రతి మూలకానికీ యాదృచ్ఛికంగా వేర్వేరు బలం ఇస్తారు. పెళుసు పదార్థాల బలం ఒకే సంఖ్య కాదని, సంభావ్యతతో చెప్పవలసిన రాశి అని స్వీడన్ ఇంజనీరు వైబుల్ 1939లోనే చూపించాడు కాబట్టి ఆ ఆలోచన సరైనదే. కానీ మూలకం వారీగా పంచితే మెష్ మారినప్పుడల్లా దోషాల పరిమాణం కూడా మారిపోతుంది, మీరు తప్పించుకోవాలనుకున్న చిక్కు వేరే ద్వారం గుండా తిరిగి వస్తుంది. యాదృచ్ఛిక హెచ్చుతగ్గులకు కూడా మెష్‌తో సంబంధం లేని ఒక పొడవును నిర్ణయించి, ఆ మేరకు మెల్లగా మారేలా ఇవ్వండి.


ఒత్తిడితలం (జవాబు):

పై ఇద్దరి మాటలతో చాలా వరకు ఏకీభవిస్తూనే, అంతర్గత పొడవును బలం నుంచి రాబడితే పుట్టుక సమస్య తీరిపోతుందన్న భావన మిగిలిపోకూడదని ఈ జవాబు రాస్తున్నాను. ఆ లెక్క ఒకే దిశలో లాగిన కడ్డీకి చేసినది. పదార్థాన్ని రెండు దిశలలో లాగినప్పుడు, కోత ప్రతిబలానికి (పక్కపక్క పొరలను ఎదురెదురుగా జరిపే బలానికి) గురిచేసినప్పుడు, కుదించినప్పుడు అది ఏ ప్రతిబలం వద్ద విఫలమవుతుందో వేరువేరుగా కొలవవలసిన విషయం. అల్యూమినా కుదింపు బలం దాని తన్యత బలానికి పది రెట్లకు పైగా ఉంటుంది. ఏటీ-1లో సర్దుబాటు చేయడానికి ఉన్నది ఒకే ఒక్క పొడవు. దానితో ఒక బలాన్ని సరిచేస్తే మిగిలినవన్నీ శక్తి సూత్రం రూపం ఎలా చెబితే అలా వచ్చేస్తాయి, అవి కొలతలతో కలవాలన్న నియమం లేదు. బలం అనేది స్థితిస్థాపకత, పగులు శక్తి లాగే పదార్థానికి స్వతంత్రంగా ఉన్న మూడో ధర్మమని, దానిని అన్ని ప్రతిబల స్థితులకూ వర్తించే ఒక తలంగా విడిగా ఇవ్వాలని 2020లో కుమార్, బూర్దాన్, ఫ్రాంక్‌ఫోర్, లోపెజ్-పామిస్ గట్టిగా వాదించారు. ఈ పద్ధతికి పునాది వేసినవారిలో ఇద్దరు ఆ వాదనలో భాగస్వాములు కావడం గమనించదగిన విషయం.

మీ పలకలో పగుళ్లు పుట్టే అంచున ప్రతిబలం ప్రధానంగా ఒకే దిశలో లాగేదే కాబట్టి, ఈ సమస్యకు ఏటీ-1 చాలునని నేనూ ఒప్పుకుంటాను. కానీ పలక నడుమ భాగం కుదింపులో ఉంటుంది, పగులు కొనలు చివరకు ఆ భాగం వైపే సాగుతాయి. అక్కడ డ్యామేజ్‌ను తన్యత శక్తి మాత్రమే నడిపేలా శక్తిని విడదీయకపోతే కుదింపులోనూ పగులు పెరగవచ్చు, మూసుకోవలసిన పగులు ముఖాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవచ్చు. ఘనపరిమాణ మార్పును, ఆకార మార్పును విడదీసే అమోర్, మారిగో, మౌరినిల పద్ధతి 2009లో వచ్చింది. ప్రధాన వికృతులను బట్టి విడదీసే మీహే బృందం పద్ధతి 2010లో వచ్చింది. మీరు ఏది వాడారో రాయలేదు. రెండింటితోనూ ఒకసారి నడిపి, లోతైన పగుళ్లలో తేడా వస్తుందేమో చూడండి.

ఇదే సూత్రాన్ని కాంక్రీట్‌కు మాత్రం తీసుకుపోకండి. యంగ్ గుణకం 30 గిగాపాస్కల్స్, పగులు శక్తి చదరపు మీటరుకు 100 జూల్స్, తన్యత బలం 3 మెగాపాస్కల్స్ అనుకుంటే అంతర్గత పొడవు 125 మి.మీ. వస్తుంది. 100 మి.మీ. లోతున్న పరీక్ష దూలంలో అంత వెడల్పు పట్టీని పట్టించడం అసాధ్యం. కాంక్రీట్‌లో పగులు ముఖాలు కొంత తెరుచుకున్న తరువాత కూడా ఒకదానినొకటి పట్టి ఉంచుతాయి. దానికి హిల్లర్‌బోర్గ్ బృందం 1976లో ప్రతిపాదించిన కల్పిత పగులు వంటి కొహీసివ్ ఆలోచన కావాలి. ఆ ఆలోచననూ ఫేజ్ ఫీల్డ్‌నూ కలిపి, బలాన్ని అంతర్గత పొడవు నుంచి విడదీసిన రూపాన్ని వూ 2017లో ఇచ్చాడు.

వస్తువును బంధాలతో కలిపిన బిందువుల సమూహంగా చూసే పెరీడైనమిక్స్ వైపు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే, 2000లో సిల్లింగ్ ప్రవేశపెట్టిన ఆ పద్ధతి వేగంగా చీలే పగుళ్లకు బాగా పనికివస్తుందని, అయితే ఇదే ప్రశ్న అక్కడ హొరైజన్ (ఒక బిందువు బంధాలు ఎంత దూరం వరకు చేరతాయో చెప్పే పొడవు) అనే పేరుతో ఎదురవుతుందని గుర్తుంచుకోండి. బంధం తెగే సాగుదల హొరైజన్ వర్గమూలానికి విలోమంగా మారుతుంది.


సూక్ష్మరేఖ:

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. అంతర్గత పొడవును 0.17 మి.మీ. వద్ద స్థిరంగా ఉంచి, మూలకాన్ని 0.05 నుంచి 0.025 మి.మీ. వరకు తగ్గిస్తూ నడిపాను. అంచున ఉష్ణ బదిలీ షరతు పెట్టాను, కాలం అడుగులను వర్గమూలం ప్రకారం మార్చాను. డ్యామేజ్ మొదలయ్యే సమయం ఇప్పుడు మెష్‌తో దాదాపు మారడం లేదు. లోతైన పగుళ్ల సగటు దూరం కూడా స్థిరపడుతోంది. శక్తిని విడదీసే రెండు పద్ధతులకూ మధ్య ఈ సమస్యలో పెద్ద తేడా కనిపించలేదు.

ఒక విషయం మాత్రం ఇంకా తేలలేదు. చతురస్ర మూలకాల మెష్‌లో పగుళ్లు మరీ క్రమంగా, గీత గీసినట్లు సమాన దూరంలో వస్తున్నాయి. త్రిభుజాల మెష్‌లో స్థానాలు చెదురుతున్నాయి. ఏకరీతి అంచున ఫలానా చోటే చీలాలని చెప్పే కారణం భౌతికంగా ఏదీ లేనప్పుడు, ఏ మెష్ చెప్పేది నమ్మాలి?


శక్తిరేఖ:

స్థానాల విషయంలో రెండింటినీ నమ్మనక్కర లేదు. ఏకరీతి స్థితి అస్థిరమైనప్పుడు ఎటు చీలాలో తేల్చేది అతి చిన్న అసమానత. లెక్కలో అది మెష్ నుంచో, చివరి దశాంశాల సవరింపు నుంచో వస్తుంది, పలకలో అయితే నిజమైన దోషాల నుంచి వస్తుంది. చతురస్ర మెష్ గీతల దిశలకు పగులును ఆకర్షిస్తుంది కాబట్టి నేనైతే క్రమం లేని త్రిభుజాల మెష్‌నే వాడతాను. దాని మీద బట్టీపక్క గారు చెప్పినట్లు మెష్‌తో సంబంధం లేని చిన్న హెచ్చుతగ్గులను పగులు శక్తికి ఇచ్చి, వేర్వేరు యాదృచ్ఛిక విత్తనాలతో (ఆ హెచ్చుతగ్గులను పుట్టించే ఆరంభ సంఖ్యలతో) పలుమార్లు నడిపి, 2 మి.మీ. లోతు దాటిన పగుళ్ల దూరాలను పంపిణీగా గీయండి.

అలా నడిపేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ మొత్తం శక్తి స్థానభ్రంశం, డ్యామేజ్ రెండింటిలోనూ కలిపి చూస్తే కుంభాకారం (ఒకే ఒక అడుగున్న గిన్నె లాంటిది) కాదు, అందులో ఎన్నో స్థానిక కనిష్ఠాలు ఉంటాయి. ఒకదాన్ని స్థిరంగా ఉంచి రెండోదాన్ని మార్చుతూ పోయే ఏకాంతర పద్ధతి వాడుతున్నట్లయితే, ప్రతి కాలపు అడుగులోనూ డ్యామేజ్ మార్పు నిజంగా ఆగిపోయేవరకు తిప్పండి. ఒక్కొక్కసారి మాత్రమే తిప్పి ముందుకు పోతే పగుళ్లు ఆలస్యంగా పుడతాయి, ఆగవలసినవి కొన్ని ఆగకుండా సాగుతాయి. పగుళ్లు చీలే ఆ కొద్ది అడుగులలో వందల సార్లు తిప్పవలసి వచ్చినా ఆశ్చర్యపడకండి. మిగిలిన అడుగులలో నాలుగైదు సార్లతోనే సరిపోతుంది.